రంది పెట్టుకున్న మనసుకు రొట్టె, నిద్ర, మనిషి, ప్రార్థన: క్రైస్తవ స్త్రీల కోసం ఒక మార్గదర్శి

మా వైపు డిప్రెషన్ అనే మాట ఎవరి నోటా రాదు. దేవరకొండ నుంచి కల్వకుర్తి దాకా, మిర్యాలగూడ నుంచి నాగర్‌కర్నూల్ దాకా ఆడవాళ్లు ‘రంది’ అంటారు. ‘బిడ్డ పెండ్లి రందిల సగమైంది’ అంటారు. కారణం లేకుండా గుండెలో మెదిలే భయాన్ని ‘బుగులు’ అంటారు. ‘ఏదీ మనసున పడతలేదు’ అంటారు. ఈ మాటలన్నీ మంచివే. డాక్టర్ దగ్గర కూడా ఇవే చెప్పండి, ఆయనకు అర్థమవుతుంది.

చర్చిలో మాత్రం ఈ మాటలు నోటికి రావు. అక్కడ అడిగినవారికి ‘దేవుని కృపలో బాగున్నాం’ అనే చెబుతాం. ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుని ఏడుస్తాం.

నేనూ అలా ఏడ్చాను. నా రెండో కాన్పు తర్వాత మూడు నెలలు నిద్ర లేదు, పాలు ఇవ్వబుద్ధి కాదు, బిడ్డను చూస్తే భయం. ‘ప్రార్థన తక్కువైంది, అందుకే’ అని ఒక పెద్దమనిషి అందరి ముందూ అన్నాడు. ఆ మాటతో ఉన్న కాస్త ప్రార్థన కూడా ఆగిపోయింది. వారం తర్వాత మా పాస్టరమ్మ వచ్చింది. బైబిలు తెరవలేదు. బిడ్డను ఎత్తుకుని, జొన్న గటక ఉడికించి పెట్టి, ‘నేను ఇక్కడే ఉంట, నువ్వు పండుకో’ అంది. నాలుగు గంటలు నిద్రపోయాను. మర్నాడు నన్ను బస్సెక్కించి దవాఖానకు తీసుకుపోయింది. ప్రార్థన ఆ తర్వాతే చేసింది, బస్సులో, నా చెయ్యి పట్టుకుని, మెల్లగా.

ఆమె చేసిన వరుస బైబిల్లోనే ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడుగుతాడు. అంతకుముందు అధ్యాయంలోనే కర్మెలు కొండ మీద అంత గొప్ప కార్యం చూసిన ప్రవక్త ఆయన. దేవుడు ఆయన్ను గద్దించలేదు. దూత వచ్చి తట్టి లేపి తినమన్నాడు. ఏలీయా తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్లీ తినిపించాడు. ఆ తర్వాతే ప్రయాణం. ఆ తర్వాతే ‘ఇక్కడ నువ్వేం చేస్తున్నావు’ అనే ప్రశ్న, ఏలీయా తన గోడు చెప్పుకోవడం. ఆ తర్వాతే నిమ్మళమైన స్వరం. చివరికి ఎలీషా అనే తోడు. ఒళ్లు ముందు, ఆ తర్వాత మాట, ఆ తర్వాత మౌనం, ఆ తర్వాత మనిషి. ఈ మార్గదర్శి కూడా ఆ వరుసలోనే నడుస్తుంది. ఒక్క విషయం మాత్రం అన్నిటికన్నా ముందు చెప్పాలి.

మొదటి అడుగు: ప్రాణానికి ముప్పు ఉందా, చూసుకోండి

‘చచ్చిపోతే బాగుండు’ అనే ఆలోచన వస్తోందా? వస్తే, ఎలా అనే దాకా పోతోందా? ఈ రెండో ప్రశ్నకు ‘అవును’ అని జవాబు వస్తే మిగతా అడుగులన్నీ తర్వాత. ఇప్పుడే ఒకరికి చెప్పండి, ఒంటరిగా ఉండకండి. 14416 కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఉచిత సేవ. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఇప్పటికే ఏదైనా జరిగితే 108.

మీరు ఇంకొకరి గురించి భయపడుతుంటే సూటిగా అడగండి: ‘అక్కా, చచ్చిపోవాలనిపిస్తుందా?’ అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది వెనకాడతారు. అలా జరగదు. అడిగినప్పుడు ఎదుటి మనిషికి ఊపిరి తీసుకున్నట్టవుతుంది.

మన జిల్లాల్లో ఇంకో పని చేసి తీరాలి. పత్తి, వరి వేసే ఇళ్లలో పురుగుల మందు డబ్బాలు అటక మీదో, మంచం కిందో ఉంటాయి. వాటిని ఇంట్లోంచి తీసేయండి. వేరే చోట పెట్టెలో తాళం వేసి, తాళంచెవి రందిలో ఉన్న మనిషికి దొరకకుండా మరొకరి దగ్గర ఉంచండి. చనిపోవాలనే తీవ్రమైన కోరిక చాలాసార్లు కాసేపే ఉంటుంది. ఆ కాసేపట్లో చేతికి అందే దూరంలో ఏమీ లేకపోతే ప్రాణం నిలుస్తుంది. మీ స్త్రీల సమాజం ఈ ఏడాది ఒక్క పనే చేయగలదనుకుంటే, సభ్యుల ఇళ్లన్నిటిలో మందు డబ్బాలకు తాళం పడేలా చూడమని చెబుతాను.

ఆత్మహత్యకు ప్రయత్నించినవారి మీద పోలీసు కేసవుతుందనే భయంతో కొందరు దవాఖానకు ఆలస్యంగా తీసుకొస్తారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 115వ సెక్షన్, అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించరాదని చెబుతుంది. ఆలస్యం చేయకండి.

ప్రార్థన చేసి ఎదురుచూడకుండా వెంటనే దవాఖానకు పోవాల్సిన సందర్భాలు ఇంకో రెండున్నాయి. ఒకటి, కాన్పయిన కొన్ని రోజుల్లోనే నిద్ర పూర్తిగా పోయి, పొంతన లేని మాటలు, లేని గొంతులు వినపడటం, బిడ్డ గురించి వింత నమ్మకాలు. ఇది కాన్పు తర్వాత వచ్చే తీవ్రమైన మనోవ్యాధి. తల్లికీ బిడ్డకూ ప్రమాదం, ఆ పూటే తీసుకుపోవాలి. రెండోది కల్తీ కల్లు. మత్తుమందు కలిపిన కల్లు ఏళ్ల తరబడి తాగినవారు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ వస్తాయి, లేనివి కనబడతాయి, మనిషి అరుస్తుంది. పాలమూరు పల్లెల్లో ఇది చూసినవారికి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. దీన్ని దయ్యమనుకుని రాత్రంతా ప్రార్థనలో పట్టి ఉంచితే ప్రాణం పోవచ్చు. రక్షణ పొంది ‘ఇక తాగను’ అని నిర్ణయించుకున్న అక్కలకు ఇది ముఖ్యంగా చెప్పాలి. నిర్ణయం గొప్పది. మానేటప్పుడు మాత్రం డాక్టర్ చేతి కింద మానండి.

రెండో అడుగు: గోడ క్యాలెండర్ మీద రాయండి

రెండు వారాల పాటు రోజూ మూడు విషయాలు రాయండి: రాత్రి ఎన్ని గంటలు నిద్ర, ఎన్ని పూటలు తిన్నారు, రంది పదింటిలో ఎంత. పెన్సిలుతో తారీఖు కింద మూడంకెలు చాలు. రాయడం రాకపోతే పదో తరగతి చదివే బిడ్డతో రాయించుకోవచ్చు.

రెండు వారాలు ఎందుకంటే, బాధ అందరికీ వస్తుంది, పోతుంది. రోజులో ఎక్కువ సేపు, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలకు పైగా మనసు కుంగి ఉంటే, ఇదివరకు ఇష్టమైనవి ఏవీ పట్టకపోతే, దానితోపాటు నిద్ర, ఆకలి చెడిపోతే, చేతకానితనం, ‘నేను పనికిరాను’ అనే భావం ఉంటే, డాక్టర్ దాన్ని జబ్బుగా లెక్కిస్తారు. కాన్పు తర్వాత మొదటి పది రోజుల్లో ఊరికే ఏడుపు రావడం మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే మామూలు కాదు.

మనవాళ్లలో ఈ జబ్బు చాలాసార్లు ఒంటి మీద కనబడుతుంది. తలనొప్పి, నడుం నొప్పి, కడుపులో మంట, గుండె దడ, అరికాళ్ల మంటలు. ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుంటే రెండు రోజులు బాగుండి మళ్లీ మొదలు. విశ్వాసంలో ఉన్న స్త్రీకి ఇంకో గుర్తు కూడా ఉంటుంది: ప్రార్థనకు మోకరిస్తే మాట రాదు, వాక్యం చదివితే ఎక్కదు, పాట పాడుతుంటే గొంతు కదులుతుంది గానీ లోపల ఏమీ కదలదు. ‘దేవుడు నన్ను విడిచిపెట్టాడు’ అనిపిస్తుంది. అన్నం రుచి తెలియకుండా చేసిన జబ్బే ప్రార్థన రుచి కూడా తెలియకుండా చేస్తుంది. అన్నం రుచించనంత మాత్రాన అన్నం చెడిపోలేదు కదా.

మూడో అడుగు: ఒంటిని చూసుకోండి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉంది. రక్తం తక్కువైతే నీరసం, ఆయాసం, చిరాకు, దడ. థైరాయిడ్ తగ్గితే మనసు కుంగుతుంది, ఒళ్లు బరువెక్కుతుంది. థైరాయిడ్ పెరిగితే బుగులు, వణుకు. బి12 తక్కువైనా మతిమరుపు, నీరసం ఉంటాయి. అందుకని మనసు గురించి ఏ తీర్మానానికీ రాకముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, వీలైతే బి12 పరీక్షలు చేయించండి. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవారికి కీళ్ల నొప్పులు ఉండనే ఉంటాయి. ఏళ్ల తరబడి నొప్పితో బతికే మనిషికి రంది తోడవడం సహజం. నొప్పికి వైద్యం చేయించుకోవడం కూడా మనసుకు వైద్యమే.

ఇక నిద్ర. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, వంట చేసి, ఏడింటికల్లా పత్తి ఏరడానికి ఆటో ఎక్కి, రాత్రి పదింటికి గిన్నెలు కడిగి పడుకునే మనిషికి ‘ఎనిమిది గంటలు నిద్రపో’ అని చెప్పలేను. ఇవి మాత్రం చేయగలరు: రోజూ ఒకే వేళకు పడుకోవడం, సాయంత్రం నాలుగు తర్వాత టీ మానడం, పక్క మీద ఫోన్ చూడకపోవడం, పాలు తాగే బిడ్డ ఉంటే వారానికి రెండు రాత్రులైనా ఇంకొకరు బిడ్డను చూసుకోవడం.

తిండి సంగతి అందరికీ తెలిసిందే: జొన్న రొట్టె, పప్పు, తోటకూర, పల్లీలు, గుడ్డు. నేను చూసినంతలో లోపం తిండి రకంలో కన్నా వరుసలో ఉంది. అందరూ తిన్నాక మిగిలింది తినడం, లేకపోతే పస్తుండటం. రందిలో ఉన్న మనిషికి ముందు పెట్టండి.

ఉపవాస ప్రార్థన గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. శుక్రవారం ఉపవాసం మన సంఘాల్లో చాలామందికి ప్రాణం. దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ షుగర్ మందులు వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఇప్పటికే సరిగా తినలేక చిక్కిపోతున్నవారు ఉపవాసం ఉండకూడదు. మూడ్ ఒకసారి ఎక్కువై ఒకసారి కుంగే జబ్బుకు లిథియం వాడేవారు నీళ్లు కూడా మానేసి ఉపవాసం ఉంటే రక్తంలో ఆ మందు ప్రమాదకరంగా పెరగవచ్చు. అదే జబ్బున్నవారు రాత్రంతా జరిగే ప్రార్థనలకు కూడా పోవద్దు. ఒక్క రాత్రి నిద్ర పోయినా జబ్బు తిరగబెట్టవచ్చు. వేగంగా మాట్లాడటం, నిద్ర అక్కర్లేదనడం, ఉన్న డబ్బంతా కానుక వేసేయడం, తనకు ప్రత్యేకమైన పిలుపు వచ్చిందనడం, ఇవి కొన్నిసార్లు ఆత్మ కార్యం కాక జబ్బు లక్షణాలు కావచ్చు. అలాంటి మనిషిని ప్రార్థన సభలో ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పించకండి, ఇంటికి తీసుకుపోయి పడుకోబెట్టి డాక్టర్‌కు చూపించండి. ఉపవాసం బదులు టీవీ మానండి, ఫోన్ మానండి, ఒకరికి అన్నం పెట్టండి.

బుగులు ఒక్కసారిగా పొంగినప్పుడు, అంటే గుండె దడదడలాడి, చేతులు చల్లబడి, చచ్చిపోతానేమో అనిపించినప్పుడు, కూర్చోండి. పాదాలు నేలకు ఆనించండి. ముక్కుతో ఊపిరి పీలుస్తూ మనసులో ‘యెహోవా నా కాపరి’ అనుకోండి. మెల్లగా, పీల్చినదానికన్నా ఎక్కువ సేపు వదులుతూ ‘నాకు లేమి కలుగదు’ అనుకోండి. పది సార్లు. ఊపిరి వదలడం నిదానమైతే గుండె వేగం తగ్గుతుంది, ఒళ్లు అలా పనిచేస్తుంది. మొదటిసారి దడ వచ్చినప్పుడు, ముఖ్యంగా ఛాతీలో నొప్పి ఉంటే, గుండె సమస్య కాదని డాక్టర్‌తో నిర్ధారణ చేయించుకోవాలి.

నాలుగో అడుగు: ఒక్కరికి చెప్పండి

పది మందికి కాదు, ఒక్కరికి. ఎవరికి అనేదే అసలు ప్రశ్న. చర్చిలో ‘ప్రార్థన విన్నపం’ పేరుతో మన గుట్టు ఊరంతా తిరగడం అందరికీ అనుభవమే. అందుకని ఇలా చూడండి: ఈ మనిషి నా దగ్గర వేరేవాళ్ల రహస్యాలు చెబుతుందా? చెబితే నావి కూడా వాళ్ల దగ్గర చెబుతుంది. ఏడిస్తే ఓర్చుకుంటుందా, లేక వెంటనే వాక్యం చెప్పి నోరు మూయిస్తుందా? చిన్నమ్మ కావచ్చు, వదిన కావచ్చు, ఆశా కార్యకర్త కావచ్చు.

ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఈ మాటలు వాడుకోండి: ‘అక్కా, నాకు మనసు బాగుంటలేదు. నెల రోజుల సంది నిద్ర లేదు. సలహా వద్దు, ఒక పది నిమిషాలు విను.’

వినేవారికి: ‘నీకేం తక్కువ’, ‘నాకన్నా కష్టమా’, ‘దేవునికి వందనాలు చెప్పు, పోతది’ అనకండి. యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద అతనితో మౌనంగా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదే, నోరు తెరిచాకే చెడగొట్టారు. ‘తిన్నవా? పండుకున్నవా? రేపు మళ్లొస్త’ అంటే చాలు.

ఐదో అడుగు: మొర పెట్టే ప్రార్థన

మన ప్రార్థనలు స్తుతితో మొదలై కృతజ్ఞతతో ముగుస్తాయి. మధ్యలో ఏడుపుకు చోటుండదు. కానీ కీర్తనల గ్రంథంలో పెద్ద భాగం మొరే. 13వ కీర్తన ‘ఎన్నాళ్లవరకు’ అనే ప్రశ్నతో మొదలవుతుంది. 42వ కీర్తనలో మనిషి తన ప్రాణాన్నే ఎందుకు కుంగి ఉన్నావని అడుగుతాడు. 88వ కీర్తన చీకటి మాటతోనే ఆగిపోతుంది, వెలుగు రాదు. అయినా అది పరిశుద్ధ గ్రంథంలో ఉంది. హన్నా పెదవులు కదుపుతూ ఏడుస్తుంటే యాజకుడైన ఏలీ తాగి వచ్చిందనుకున్నాడు. ఆమె తలవంచుకుని వెళ్లిపోలేదు, తాగలేదని, తన ఆత్మను దేవుని సన్నిధిలో కుమ్మరించుకుంటున్నానని చెప్పింది. గెత్సేమనేలో యేసు తన ప్రాణం మరణమయ్యేంత దుఃఖంలో ఉందని శిష్యులతో చెప్పి, తనతో మెలకువగా ఉండమని అడిగాడు. ఆయనే తోడు అడిగినప్పుడు మనం అడగడం అవిశ్వాసం ఎలా అవుతుంది?

చేసే పద్ధతి ఇది. ఒక నోటుబుక్కు తీసుకుని నాలుగు వాక్యాలు రాయండి. మొదటిది, జరిగింది ఉన్నదున్నట్టు: ‘ప్రభువా, ఆయన బొంబాయి పోయి ఎనిమిది నెలలైంది, పైసలు రావు, ఫోన్ ఎత్తడు.’ రెండోది, కోపమైనా సరే, మీ మనసులోది: ‘నువ్వు చూస్తున్నవా లేదా?’ మూడోది, ఈ రోజుకు కావాల్సింది ఒక్కటి: ‘ఈ రాత్రి నిద్ర ఇయ్యి.’ నాలుగోది, వస్తేనే రాయండి: ఒక్క నమ్మకం మాట. రాకపోతే ఖాళీగా వదిలేయండి. ఎడారిలో హాగరు దేవునికి ‘నన్ను చూస్తున్న దేవుడు’ అని పేరు పెట్టింది, తన కష్టం తీరాక కాదు, ఇంకా కష్టంలో ఉండగానే.

‘దేనినిగూర్చియు చింతపడకుడి’ అని ఫిలిప్పీయులకు రాసిన మాటను చాలామంది మొట్టికాయలా వాడతారు. ఆ వాక్యం అక్కడితో ఆగదు, మీ విన్నపాలు దేవునికి తెలియజేయండి అంటుంది. అది చింత ఉన్న మనిషికి దారి చూపే మాట.

ఇంకో సంగతి, చాలామంది సిగ్గుతో దాచేది. కొందరికి వద్దన్నా దేవుణ్ణి దూషించే ఆలోచనలు, చెడ్డ బొమ్మలు మనసులో పదే పదే వస్తాయి. ‘క్షమించరాని పాపం చేశాను’ అని రోజుకు ఇరవై సార్లు ఒప్పుకోలు ప్రార్థన చేస్తారు, అయినా తృప్తి ఉండదు. బలవంతంగా వచ్చి వేధించే ఆలోచనల జబ్బు ఒకటుంది, ఓసీడీ అంటారు, అది భక్తి ఉన్నవారిలో ఇలా భక్తి రూపంలో వస్తుంది. ఆ ఆలోచన వచ్చినందుకు మీరు వణుకుతున్నారంటేనే అది మీ ఇష్టం కాదని తెలుస్తోంది. పదే పదే ఒప్పుకోవడం దాన్ని తగ్గించదు, పెంచుతుంది. దీనికి మంచి చికిత్స ఉంది. పాస్టరు గారు ఒక్కసారి క్షమాపణ భరోసా చెప్పి, రెండోసారి నుంచి ‘డాక్టర్ దగ్గరికి పోదాం పా’ అనడమే సాయం.

ఆరో అడుగు: డాక్టర్

మన ప్రాంతంలో మందిరం, బడి, దవాఖాన పక్కపక్కనే పుట్టాయి. జడ్చర్లలో మెనొనైట్ బ్రదరన్ మిషన్ ఆసుపత్రిలో పుట్టినవాళ్లు, బతికి బయటపడ్డవాళ్లు పాలమూరులో ఎంతోమంది. మందులు ఇచ్చిన చేతులే ప్రార్థన కూడా చేశాయి. మందు వేసుకుంటే విశ్వాసం లేనట్టే అనే బోధ మన తాతమ్మలు విన్నది కాదు. సువార్త రాసిన లూకాను పౌలు ప్రియమైన వైద్యుడని పిలిచాడు. హిజ్కియాకు దేవుడు స్వస్థత మాట ఇచ్చాక కూడా యెషయా అతని పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు.

నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేటల్లో మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. ఓపీ చీటీ రాయించుకునే చోట ‘సైకియాట్రీ’ అని చెప్పండి. పొద్దున్నే పొండి, ఆధార్ కార్డు, పాత చీటీలు, వాడుతున్న మందులు, ఆ క్యాలెండర్ కాగితం తీసుకుపోండి. ఒకరిని తోడు తీసుకుపోండి, కానీ కాసేపు డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడతానని అడగండి. భర్త ముందు, అత్త ముందు చెప్పలేనివి ఉంటాయి. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాల పేరును మనవాళ్లు తిట్టుగా వాడతారు. మనిషిని బాగు చేసే చోటు అది. ఆ తిట్టు మన నోట రాకూడదు.

మందుల గురించి తెలుసుకోవాల్సినవి. రంది తగ్గించే మందులు పారాసెటమాల్ లాంటివి కావు. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు తేడా మొదలవుతుంది, పూర్తి ఫలితానికి ఆరు వారాలు పట్టవచ్చు. మొదటి వారంలో కడుపులో తిప్పడం, తలనొప్పి, కాస్త గాబరా ఉండవచ్చు. ఆ వారంలోనే చాలామంది మానేస్తారు. మానకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించమంటారు, ఆపేటప్పుడు మెల్లగా తగ్గిస్తారు. ఇవి అలవాటు పడే మత్తుమందులు కావు. అలవాటు పడేవి నిద్రమాత్రలు, అవి మెడికల్ షాపులో చీటీ లేకుండా కొని నెలల తరబడి మింగకండి. గర్భం ఉందా, పాలిస్తున్నారా ముందే చెప్పండి, దానికి తగిన మందులు ఉన్నాయి.

స్వస్థత కూటాలకు పోయి వచ్చి మందులు చెత్తలో వేసినవారిని నేను చూశాను. కొందరు మళ్లీ దవాఖానలో తేలారు. దేవుడు స్వస్థపరిస్తే ఆ స్వస్థత డాక్టర్ పరీక్షకు కూడా నిలుస్తుంది. పది మంది కుష్ఠురోగులను యేసు యాజకులకు చూపించుకొమ్మని పంపాడు. మీరూ డాక్టర్‌కు చూపించుకోండి, ఆపాలో తగ్గించాలో ఆయన చెబుతారు. మనిషిని గొలుసుతో కట్టేసి, కొట్టి ‘విడిపించే’ చోట్లకు మాత్రం ఎవర్నీ పంపవద్దు. మానసిక జబ్బు ఉన్నవారిని గొలుసులతో కట్టడాన్ని 2017 చట్టం నిషేధించింది.

మందుతోపాటు మాటల చికిత్స కూడా ఉంటుంది. మందు రాసేది మానసిక వైద్యులు. మాటలతో ఆలోచనల తీరు మార్చడం నేర్పేది సైకాలజిస్టులు, కౌన్సిలర్లు. దగ్గర్లో ఎవరూ లేకపోతే 14416 లోనే కౌన్సిలర్లు మాట్లాడతారు.

ఏడో అడుగు: ఇంట్లో దెబ్బలుంటే

దీని గురించి చిన్నగానే చెబుతాను, కానీ గట్టిగా. తాగి వచ్చి కొట్టే మనిషితో ఉంటూ రంది తగ్గాలంటే ఏ మందూ చాలదు. ‘లోబడి ఉండు, సహించు, నీ ప్రార్థనతో మారతాడు’ అని చెప్పడం ఆమెను దెబ్బలకు అప్పగించడమే. క్షమించడం వేరు, కొట్టించుకుంటూ ఉండటం వేరు. సౌలు ఈటె విసిరితే అభిషేకం పొందిన దావీదు తప్పుకుని పారిపోయాడు, నిలబడి పొడిపించుకోలేదు. 181 మహిళా హెల్ప్‌లైన్. జిల్లా కేంద్రంలో సఖి కేంద్రం ఉంటుంది, అక్కడ తాత్కాలిక వసతి, న్యాయ సలహా, కౌన్సిలింగ్ ఒకే చోట దొరుకుతాయి. వెంటనే ప్రమాదముంటే 112.

ఎనిమిదో అడుగు: నలుగురు మోయాలి

పక్షవాతం వచ్చిన మనిషిని నలుగురు మోసుకొచ్చి కప్పు విప్పి దించారని మార్కు 2వ అధ్యాయం చెబుతుంది. యేసు వాళ్ల విశ్వాసం చూశాడు. రోగి విశ్వాసం ఎంతో అక్కడ ఎవరూ కొలవలేదు.

19వ శతాబ్దం చివర్లో బాప్టిస్టు మిషన్ నల్లగొండలో, పాలమూరులో పాదుకున్న రోజుల నుంచి ‘బైబిల్ స్త్రీలు’ ఇంటింటికీ తిరిగేవారు. మగవాళ్లు పోలేని వంటింట్లో కూర్చుని ఆడవాళ్ల కష్టం వినేవారు. ఆ పని ఇప్పుడు మళ్లీ కావాలి. మీ స్త్రీల సమాజంలో నలుగురు కలవండి. రందిలో ఉన్న ఒక అక్క అనుమతి తీసుకుని పని పంచుకోండి. ఒకరు వారానికి రెండు పూటలు వండి పంపుతారు. ఒకరు బిడ్డల్ని చూసుకుంటే ఆమె పడుకుంటుంది. ఒకరు దవాఖానకు తోడుపోతారు, మందుల తారీఖు గుర్తుంచుకుంటారు. ఒకరు సాయంత్రం ఆమెతో చెరువు గట్టు దాకా నడుస్తారు. పొదుపు సంఘంలో అప్పు కిస్తీ కట్టే వారం వస్తే ఎవరో ఒకరు ముందే అడుగుతారు, ఎందుకంటే మా ఊళ్లలో సగం రంది కిస్తీ నాడే ముదురుతుంది. ఆదివారం రాలేకపోతే ఎందుకు రాలేదని అడగకండి, మీరే పోయి ఒక పాట పాడి రండి.

చివరి పని ఒకటి, ఒళ్లు తేలికగా ఉన్న రోజున చేయాలి. రంది మళ్లీ రావచ్చు. వచ్చే ముందు మీకు కనబడే గుర్తులు మూడు రాయండి. నాకైతే ఇవి: మూడు రాత్రులు వరుసగా మూడు గంటలకే మెలకువ, తల దువ్వుకోకపోవడం, పాస్టరమ్మ ఫోన్ ఎత్తకపోవడం. వాటి కింద మీ మందుల పేర్లు, డాక్టర్ ఓపీ రోజు, ఆ నలుగురి ఫోన్ నంబర్లు, 14416. ఆ కాగితాన్ని బైబిలు చివరి అట్టలో పెట్టండి. అది ఎక్కడుందో ఇంట్లో ఒకరికి చూపించండి. నా కాగితం మా పెద్దమ్మాయికి తెలుసు. నేను మూడు రోజులు తల దువ్వుకోకపోతే తనే తీసి చదువుతుంది.